ఒక్క సర్వర్ మీద నమూనా మానిటరింగ్ ఏజెంట్: గ్రాఫ్ వచ్చాక మొదలయ్యే పని

సర్వర్ల పనితీరు కొలిచే ఏజెంట్‌ను యాభై మెషీన్లకు ఒకేసారి ఎక్కించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఒక స్క్రిప్ట్ నడిపితే సాయంత్రానికి డాష్‌బోర్డ్ నిండా గ్రాఫులు వచ్చేస్తాయి. ఆ గ్రాఫులు చూపించే అంకెలు నిజమేనా అన్నది మాత్రం ఆ స్క్రిప్ట్ చెప్పదు. అందుకే ముందు ఒక్క మెషీన్ మీద నమూనాగా పెట్టి, తెలిసిన భారం వేసి, ఏజెంట్ చెప్పిన అంకె దానితో సరిపోతోందో లేదో చూడాలి. ఏజెంట్ లేకపోతే మెషీన్‌లోకి లాగిన్ అయి చూస్తాం. తప్పు అంకె చూపే ఏజెంట్ ఉంటే దాన్నే నమ్మి, చూడాల్సిన చోట చూడకుండా వదిలేస్తాం. రెండోదే ఎక్కువ నష్టం.

ఇక్కడ చెప్పేది లినక్స్ మెషీన్ గురించి. ఏజెంట్‌గా నోడ్ ఎక్స్‌పోర్టర్, దాని దగ్గర నుంచి అంకెలు లాక్కునే సర్వర్‌గా ప్రొమీథియస్. మెట్రిక్‌ల (ఏజెంట్ కొలిచే ఒక్కో అంశం) పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు చాలావరకు చిన్న అక్షరాల్లో, మాటకూ మాటకూ మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటాయి. మెమ్‌అవైలబుల్ వంటి మెమరీ పేర్లలో మాత్రం పెద్ద అక్షరాలూ ఉంటాయి.

నమూనాకు ఏ మెషీన్ ఎంచుకోవాలన్నది చిన్న విషయం కాదు. ఎవరూ వాడని ఖాళీ టెస్ట్ మెషీన్ మీద పెడితే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి, ఏమీ తేలదు. ఎల్‌వీఎమ్ వాల్యూములు (డిస్కుల మీద సాఫ్ట్‌వేర్ విభజించి ఇచ్చే స్థలాలు), ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీదుగా వేరే సర్వర్ నుంచి తెచ్చుకున్న డైరెక్టరీ), రెండు మూడు కంటైనర్లు, వీలైతే వర్చువల్ మెషీన్: ఇలా చిక్కులన్నీ ఒకే చోట ఉన్న మెషీన్‌ను ఎంచుకోండి. ఏజెంట్ తడబడేది సరిగ్గా ఈ చోట్లలోనే.

ఇన్‌స్టాల్ చేయడం

యూనేమ్ కమాండ్‌కు మైనస్ ఎమ్ ఇచ్చి మెషీన్ రకం చూడండి. ఎక్స్86_64 అని వస్తే ఏఎండీ64 ఫైల్, ఏఆర్క్64 అని వస్తే ఏఆర్‌ఎమ్64 ఫైల్ దించుకోవాలి. తప్పు ఫైల్ దించితే నడిపే సమయంలో 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని వస్తుంది. ఫైల్‌తో పాటు ఇచ్చే ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌తో పోల్చి చూశాకే విప్పండి. ఈ ఏజెంట్ రేపు మీ మెషీన్లన్నిటి మీదా నడవబోతోంది కాబట్టి ఈ ఒక్క నిమిషం దాటవేయకండి.

ఏజెంట్ కోసం విడిగా ఒక సిస్టమ్ యూజర్‌ను సృష్టించండి. హోమ్ డైరెక్టరీ వద్దు, షెల్‌గా నోలాగిన్ పెట్టండి. రూట్‌గా నడపాల్సిన అవసరం లేదు. కావాల్సిన ఫైళ్లలో ఎక్కువ భాగం /ప్రాక్, /సిస్ కింద అందరికీ చదవడానికి తెరిచే ఉంటాయి. బైనరీని /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పెట్టండి. హోమ్ డైరెక్టరీలో విప్పిన ఫైల్‌ను ఎమ్‌వీతో అక్కడికి జరిపితే, ఎస్‌ఈలినక్స్ (ఫైళ్లకు లేబుళ్లు వేసి అనుమతి నిర్ణయించే భద్రతా ఏర్పాటు) ఉన్న మెషీన్లలో హోమ్ ఫైల్‌కున్న లేబుల్ దానితోనే వచ్చేస్తుంది. అప్పుడు సర్వీస్ 203 కోడ్‌తో ఆగిపోతుంది. పర్మిషన్లు ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే ఉంటాయి కాబట్టి కారణం తోచదు. ఆ ఫైల్ మీద లేబుల్ సరిచేసే రీస్టోర్‌కాన్ ఒక్కసారి నడిపితే చాలు. లేదా మొదటే సీపీతో కాపీ చేస్తే ఈ తిప్పలే ఉండవు.

సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి ఇచ్చే యూనిట్ ఫైల్‌లో యూజర్ పేరు, విఫలమైతే 5 సెకన్ల తర్వాత మళ్లీ మొదలయ్యే ఏర్పాటు, కొత్త ప్రివిలేజ్‌లు రాకుండా ఆపే నోన్యూప్రివిలేజెస్ తప్పకుండా ఉండాలి. మెమరీమ్యాక్స్ 128 ఎంబీ పెట్టండి. కొలవడానికి వచ్చినది తానే భారం కాకూడదు కదా. సీపీయూకోటా కూడా పెట్టవచ్చు గానీ మరీ బిగించకండి. కోటా అయిపోయిన క్షణంలో ఏజెంట్ ఆగి, అంకెలు ఇవ్వడం ఆలస్యమై, సర్వర్ టైమవుట్ అవుతుంది. మెషీన్ అల్లాడుతున్న సమయంలోనే గ్రాఫ్‌లో ఖాళీ వస్తుంది.

యూనిట్ ఫైల్‌లో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది ప్రొటెక్ట్‌హోమ్. దాన్ని 'యెస్' అని పెడితే ఏజెంట్‌కు /హోమ్ కనిపించదు. /హోమ్ విడి డిస్క్ మీద ఉన్న మెషీన్‌లో ఆ డిస్క్ నిండిపోతున్నా మీకు కబురే అందదు. 'రీడ్-ఓన్లీ' అని పెట్టండి. రెండోది డాలర్ గుర్తు. కొన్ని మౌంట్లను వదిలేయమని ఏజెంట్‌కు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (పేర్లను పోల్చే సూత్రం) ఇస్తాం, అందులో చివరను సూచించే డాలర్ ఉంటుంది. సిస్టమ్‌డీకి డాలర్ అంటే వేరియబుల్, కాబట్టి అక్కడ రెండు డాలర్లు రాయాలి. లేకపోతే ఎక్స్‌ప్రెషన్ మారిపోయి, మీరు వదిలేయమన్నవి ఉండిపోవచ్చు, కావాలన్నవి పోవచ్చు. ఎర్రర్ రావాలన్న నియమమేమీ లేదు.

సర్వీస్ లేచాక అదే మెషీన్ నుంచి కర్ల్‌తో 9100 పోర్ట్ మీద /మెట్రిక్స్ పేజీ అడగండి. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే లైన్లు తీసేసి మిగిలినవి లెక్కపెడితే ఈ మెషీన్ ఎన్ని సీరీస్ (కాలంతో పాటు విడిగా నమోదయ్యే అంకెల వరుసలు) పంపుతోందో తెలుస్తుంది. ఈ అంకె రాసి పెట్టుకోండి. వెయ్యి సీరీస్ అనుకుంటే, 15 సెకన్లకోసారి తీసుకుంటే రోజుకు 57.6 లక్షల శాంపిళ్లు. ప్రొమీథియస్ ఒక్కో శాంపిల్‌ను సగటున ఒకటి రెండు బైట్లలో దాచుకుంటుంది. అంటే రోజుకు 12 ఎంబీ లోపే. డిఫాల్ట్‌గా 15 రోజులు ఉంచుతుంది కాబట్టి ఒక్క మెషీన్‌కు 175 ఎంబీ దాకా. ఇదే లెక్కను మీ మెషీన్ల సంఖ్యతో హెచ్చిస్తే సర్వర్‌కు ఎంత డిస్క్ కావాలో తేలుతుంది. కంటైనర్లున్న మెషీన్‌లో ఈ సీరీస్ సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే, వాటితో పాటు పుట్టి పోయే వీఈటీహెచ్ అనే వర్చువల్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లే కారణం అయి ఉంటాయి. నెట్‌వర్క్ కలెక్టర్‌లో (ఏజెంట్‌లో నెట్‌వర్క్ అంకెలు సేకరించే భాగం) వాటిని మినహాయించండి.

9100 పోర్ట్‌ను ఫైర్‌వాల్‌లో ప్రొమీథియస్ సర్వర్ అడ్రస్‌కు మాత్రమే తెరవండి. డిఫాల్ట్‌గా దీనికి పాస్‌వర్డూ ఉండదు, టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షనూ ఉండదు. కెర్నల్ వెర్షన్, మౌంట్ల పేర్లు, ఇంటర్‌ఫేస్‌లు అన్నీ అడిగినవాడికల్లా చెప్పేస్తుంది. పోర్ట్ బయటికి తెరిచే ఉంచాల్సి వస్తే వెబ్ కాన్ఫిగ్ ఫైల్ ద్వారా టీఎల్ఎస్, పాస్‌వర్డ్ రెండూ పెట్టవచ్చు.

సర్వర్ వైపు పని కొంచెమే. స్క్రేప్ ఇంటర్వల్ (సర్వర్ ఎంతసేపటికోసారి అంకెలు లాక్కుంటుందో) డిఫాల్ట్‌గా 1 నిమిషం, దాన్ని 15 సెకన్లకు తగ్గించండి. స్క్రేప్ టైమవుట్ 10 సెకన్లే ఉండనివ్వండి, అది ఇంటర్వల్‌ను మించకూడదు. సర్వర్ కాన్ఫిగ్ ఉండే వైఎఎమ్ఎల్ ఫైల్‌లో ట్యాబ్‌లు పనికిరావు, స్పేస్‌లే వాడాలి. ప్రొమీథియస్‌తో వచ్చే ప్రామ్‌టూల్‌తో ఫైల్ సరిచూశాకే రీలోడ్ చేయండి. సర్వర్ మెషీన్‌లో కాక్‌పిట్ (బ్రౌజర్‌లో మెషీన్‌ను నిర్వహించే సాధనం) కూడా ఉంటే రెండూ 9090 పోర్ట్ కోసమే పోటీ పడతాయి. ఒకదాన్ని ముందే మార్చండి.

అంకెలను పరీక్షించడం

'అప్' అనే మెట్రిక్ విలువ 1 వచ్చిందంటే సర్వర్ ఏజెంట్‌ను అందుకోగలిగింది, అంతే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పరీక్ష ఇక్కడి నుంచి మొదలవ్వాలి.

సీపీయూతో మొదలుపెడదాం. కెర్నల్ /ప్రాక్/స్టాట్‌లో ఒక్కో సీపీయూ యూజర్, సిస్టమ్, ఐడిల్, ఐఓవెయిట్, స్టీల్ వంటి మోడ్‌లలో ఎంత సమయం గడిపిందో పేరుస్తూ పోతుంది. ఏజెంట్ శాతం లెక్కించదు, ఆ పోగైన సెకన్లనే ఇస్తుంది. శాతం తీసేది సర్వర్. ఈ పద్ధతి చాలా మంచిది. మధ్యలో ఒక స్క్రేప్ తప్పినా ఆ సమయంలో జరిగిన పని లెక్కలోంచి పోదు, తర్వాతి తేడాలో కలిసే వస్తుంది. అలాగే ఒక్కో సీపీయూకు అన్ని మోడ్‌ల రేటు కూడితే దాదాపు 1 రావాలి. సెకనుకు సెకను లెక్క కదా. గెస్ట్ సమయం (ఈ మెషీన్ మీద నడిచే వర్చువల్ మెషీన్లకు పోయినది) మాత్రం కెర్నల్ అప్పటికే యూజర్‌లో కలిపేసి ఉంటుంది, దాన్ని మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

ఇప్పుడు సీపీయూల సంఖ్య చెప్పే ఎన్‌ప్రాక్ కమాండ్ ఎంత చెబుతుందో చూడండి. 4 అని వస్తే, ఇతర పనులు తక్కువగా ఉన్న వేళ కృత్రిమ భారం వేసే స్ట్రెస్-ఎన్‌జీని రెండు సీపీయూ వర్కర్లతో 5 నిమిషాలు నడపండి. వాడకం దాదాపు 50% పెరగాలి. 25% మాత్రమే పెరిగితే, ఎన్‌ప్రాక్ తనకు అనుమతి ఉన్న సీపీయూలనే లెక్కపెట్టి ఉండవచ్చు, మెషీన్‌లో మొత్తం 8 లాజికల్ సీపీయూలు ఉన్నాయేమో చూడండి. రేటు విండో (రేటు లెక్కించడానికి వెనక్కి చూసే సమయం) 1 నిమిషం పెడితే గ్రాఫ్ ఒక్కసారిగా నిటారుగా లేవదు, నిమిషం పాటు ఎక్కుతూ పోతుంది. అది లోపం కాదు. విండోను మాత్రం స్క్రేప్ ఇంటర్వల్‌కు నాలుగు రెట్లు ఉండేలా చూసుకోండి: 15 సెకన్లకు 1 నిమిషం. రేటు తీయడానికి విండోలో కనీసం రెండు శాంపిళ్లు కావాలి. విండో మరీ ఇరుకైతే ఒక్క స్క్రేప్ తప్పగానే గ్రాఫ్ తెగుతుంది.

వర్చువల్ మెషీన్‌లో ఇదే పరీక్షకు స్టీల్ పెరిగితే, కింద ఉన్న హోస్ట్ మీకు అడిగినంత సీపీయూ ఇవ్వడం లేదన్నమాట. ఐఓవెయిట్‌ను మాత్రం ఎక్కువగా నమ్మకండి. అది డిస్క్ జవాబు కోసం చూస్తూ గడిచే ఒక రకమైన ఐడిల్ (ఖాళీ) సమయమే. సీపీయూకు వేరే పని దొరికితే డిస్క్ ఎంత నెమ్మదిగా ఉన్నా ఐఓవెయిట్ తగ్గిపోతుంది. డిస్క్ బాగుపడిందనుకుని మోసపోతాం. దీని బదులు పీఎస్‌ఐ చూడటం మేలు. /ప్రాక్/ప్రెషర్ కింద సీపీయూ, మెమరీ, ఐఓలకు విడివిడిగా, పనులు వాటి కోసం ఎంతసేపు ఆగిపోయాయో కెర్నల్ మైక్రోసెకన్లలో చెబుతుంది. ఇది కెర్నల్ 4.20 నుంచి ఉంది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో బూట్ ఆప్షన్లలో పీఎస్‌ఐ=1 అని ఇస్తేనే తెరుచుకుంటుంది. లోడ్ యావరేజ్ కన్నా ఇదే సూటిగా జవాబిస్తుంది. లినక్స్‌లో లోడ్ యావరేజ్ సీపీయూ కోసం వేచి ఉన్న వాటితో పాటు డిస్క్ దగ్గరో ఎన్‌ఎఫ్‌ఎస్ దగ్గరో డీ స్థితిలో (జవాబు వచ్చేదాకా కదల్చలేని నిరీక్షణలో) ఇరుక్కున్న ప్రాసెస్‌లనూ కలుపుకుంటుంది. లోడ్ 40 ఉండి సీపీయూ ఖాళీగా ఉండటం అందుకే సాధ్యం.

మెమరీకి చూడాల్సింది మెమ్‌అవైలబుల్ (కొత్త పనులకు ఇవ్వగల మెమరీ), మెమ్‌ఫ్రీ (అసలు దేనికీ వాడనిది) కాదు. పరీక్ష సులువు: కొన్ని జీబీల పెద్ద ఫైల్ ఒకటి చదవండి. చదివిన ఫైళ్లను ర్యామ్‌లో ఉంచే పేజ్ క్యాష్ నిండి మెమ్‌ఫ్రీ దిగిపోతుంది, మెమ్‌అవైలబుల్ పెద్దగా కదలదు. తర్వాత స్ట్రెస్-ఎన్‌జీతో 1 జీబీ పట్టి ఉంచండి, అప్పుడు మెమ్‌అవైలబుల్ సుమారు అంతే తగ్గాలి. వీఎమ్-కీప్ ఆప్షన్ ఇవ్వడం మరవకండి. లేదంటే అది మెమరీని పడుతూ వదులుతూ ఉండి గ్రాఫ్ రంపపు పళ్లలా వస్తుంది. ఖాళీ శాతాన్ని మెమ్‌ఫ్రీతో లెక్కించే పాత డాష్‌బోర్డులు ఇంకా చాలా చోట్ల తిరుగుతున్నాయి. రెడీమేడ్ డాష్‌బోర్డ్ తెచ్చుకుంటే ముందు ఈ ఒక్క ఫార్ములా తెరిచి చూడండి.

డిస్క్ పరీక్షలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. /టీఎమ్‌పీలో ఫైల్ రాసి పరీక్షిస్తే, ఆ డైరెక్టరీ టీఎమ్‌పీఎఫ్‌ఎస్ అయిన మెషీన్‌లో అది ర్యామ్‌లోకే వెళుతుంది, డిస్క్ గ్రాఫ్ కదలదు. మామూలుగా డీడీ కమాండ్‌తో రాస్తే ముందు పేజ్ క్యాష్‌లో పడి, డిస్క్‌కు తర్వాత చేరుతుంది. కమాండ్ ముగిశాక గ్రాఫ్ లేస్తుంది. డిస్క్ వేగం పరీక్షించే ఎఫ్ఐఓను, పేజ్ క్యాష్ దాటవేసే డైరెక్ట్=1 పెట్టి, 1 ఎంబీ బ్లాకులతో, అసలు డిస్క్ మీదున్న డైరెక్టరీలో రాయించండి. ఎఫ్ఐఓ చెప్పిన వేగం, ఏజెంట్ చూపిన వేగం దగ్గరగా ఉండాలి. /ప్రాక్/డిస్క్‌స్టాట్స్‌లో సెక్టార్ అంటే డిస్క్ ఏదైనా 512 బైట్లే. సొంతంగా ఏజెంట్ రాసుకునేవాళ్లు డిస్క్ 4096 బైట్ల సెక్టార్లది కదా అని దాంతో హెచ్చిస్తే ఎనిమిది రెట్లు ఎక్కువ చూపిస్తుంది.

అంకె సరిగ్గా రెట్టింపు వచ్చిందా? అయితే ఎల్‌వీఎమ్ చూడండి. ఒకే రైట్ డీఎమ్-0 (ఎల్‌వీఎమ్ వాల్యూమ్) మీదా, దాని కిందున్న ఎస్‌డీఏ (అసలు డిస్క్) మీదా లెక్కకు వస్తుంది. డివైస్‌లన్నీ కూడేస్తే రెండింతలు. సాఫ్ట్‌వేర్ రెయిడ్ మిర్రర్ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. డాష్‌బోర్డ్‌లో డివైస్‌లను కూడకుండా విడివిడిగా చూపించండి, లేదా భౌతిక డిస్కులనే తీసుకోండి. డిస్క్ బిజీ శాతం గురించి కూడా ఒక మాట. కనీసం ఒక్క రిక్వెస్ట్ అయినా నడుస్తున్న సమయాన్నే అది కొలుస్తుంది. ఒకేసారి పదుల రిక్వెస్టులు చూసుకోగల ఎన్‌వీఎమ్ఈ డిస్క్‌కు 100% అంటే నిండిపోయిందని అర్థం కాదు. అక్కడ ఒక్కో రిక్వెస్ట్‌కు పట్టిన సగటు సమయం చూడండి: గడిచిన రీడ్ సమయాన్ని పూర్తయిన రీడ్‌ల సంఖ్యతో భాగిస్తే వస్తుంది.

ఫైల్‌సిస్టమ్ ఖాళీని 'అవైల్' మెట్రిక్‌తోనే కొలవండి, 'ఫ్రీ'తో వద్దు. ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్‌గా 5% స్థలాన్ని రూట్ కోసం అట్టిపెడుతుంది. 'ఫ్రీ' ఇంకా 5% చూపుతుండగానే మామూలు ప్రాసెస్‌లకు 'నో స్పేస్' ఎర్రర్ వచ్చేస్తుంది. ఐనోడ్‌ల (ఒక్కో ఫైల్‌కు ఫైల్‌సిస్టమ్ ఉంచే నమోదు) ఖాళీకి కూడా ఒక ప్యానెల్ పెట్టండి. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో చేరే చోట స్థలం ఉండగానే ఐనోడ్‌లు అయిపోతాయి.

నెట్‌వర్క్‌కు వేగం కొలిచే ఐపెర్ఫ్3 వాడండి, అదీ వేరే మెషీన్ నుంచి. అదే మెషీన్‌లో దాని సొంత ఐపీకే పంపితే ట్రాఫిక్ లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ మీదుగా పోతుంది, అసలు కార్డ్ గ్రాఫ్ కదలదు. ఏజెంట్ ఇచ్చేవి బైట్లు, ఐపెర్ఫ్ చెప్పేవి బిట్లు. ఎనిమిదితో హెచ్చించాక ఏజెంట్ అంకె కాస్త ఎక్కువ వస్తుంది, హెడర్లు కూడా అందులో ఉంటాయి కాబట్టి. కంటైనర్ నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్ వీఈటీహెచ్, బ్రిడ్జ్, కార్డ్ మూడింటి మీదా లెక్కకు వస్తుంది. ఇక్కడా కూడికలు వద్దు. పాత పరికరాల నుంచి 32 బిట్ కౌంటర్లు చదివేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: 1 గిగాబిట్ వేగంలో అలాంటి కౌంటర్ దాదాపు 34 సెకన్లలో నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నిమిషానికోసారి చదివితే మధ్యలో ఎంత పోయిందో తెలిసే దారే లేదు.

ఏజెంట్‌నే కంటైనర్‌లో నడపాలనుకుంటే హోస్ట్ నెట్‌వర్క్, హోస్ట్ పీఐడీ రెండూ ఇచ్చి, హోస్ట్ రూట్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ఆ దారిని రూట్‌ఎఫ్‌ఎస్ ఆప్షన్‌లో చెప్పాలి. హోస్ట్ నెట్‌వర్క్ ఇవ్వకపోతే కంటైనర్ ఇంటర్‌ఫేస్ అంకెలే మెషీన్‌వని చూపిస్తుంది. ఇన్ని తలుపులు తెరవాల్సి వచ్చే ఏజెంట్‌ను కంటైనర్‌లో పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ. నేరుగా మెషీన్ మీదే నడపమంటాను.

ఏజెంట్ మూగబోయినప్పుడు

ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ పడిపోయిన సమయంలో ఆ మౌంట్ ఖాళీ ఎంత అని అడిగితే, అడిగిన థ్రెడ్ డీ స్థితిలో ఇరుక్కుపోతుంది. కిల్ మైనస్ 9కు కూడా కదలకపోవచ్చు. నోడ్ ఎక్స్‌పోర్టర్ ఫైల్‌సిస్టమ్ కలెక్టర్‌కు 5 సెకన్ల మౌంట్ టైమవుట్ ఉంది కాబట్టి కొంత మేలు. సొంత ఏజెంట్ రాసేవాళ్లు ఈ పనిని విడి థ్రెడ్‌లో పెట్టి, గడువు దాటితే ఆ మౌంట్‌ను వదిలేసి ముందుకు సాగేలా రాయాలి. అసలు నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్‌ల ఖాళీని వాటి సర్వర్ మీదున్న ఏజెంటే కొలవడం సబబు. ఇక్కడ రకం పేరుతో వాటిని మినహాయించండి.

ఏజెంట్ బతికే ఉండి ఒక్క కలెక్టర్ మాత్రమే విఫలమైతే 'అప్' 1గానే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి నోడ్ స్క్రేప్ కలెక్టర్ సక్సెస్ అనే మెట్రిక్ ఉంది, అది 0 అయితే అలర్ట్ పెట్టండి. స్క్రేప్ డ్యూరేషన్ సెకన్లలోకి పోతుంటే, ఏ కలెక్టర్ ఎంతసేపు తీసుకుందో చెప్పే నోడ్ స్క్రేప్ కలెక్టర్ డ్యూరేషన్ చూసి అవసరం లేనిదాన్ని ఆపేయండి.

బ్యాకప్ ఎప్పుడు ముగిసింది వంటి సొంత అంకెల కోసం టెక్స్ట్‌ఫైల్ కలెక్టర్ వాడతారు. ఫైల్ పేరు డాట్ ప్రామ్‌తో ముగియాలి, చివరి లైన్ తర్వాత కొత్త లైన్ గుర్తు ఉండాలి. నేరుగా ఆ ఫైల్‌లో రాయకండి, సగం రాసిన స్థితిలో ఏజెంట్ చదివేస్తుంది. అదే డైరెక్టరీలో వేరే పేరుతో రాసి, ముగిశాక ఎమ్‌వీతో పేరు మార్చండి. వేళకు స్క్రిప్ట్ నడిపే క్రాన్ రూట్‌గా నడిచి, కొత్త ఫైళ్ల పర్మిషన్లు తగ్గించే యూమాస్క్ 077 ఉంటే ఫైల్‌ను ఏజెంట్ చదవలేదు, నోడ్ టెక్స్ట్‌ఫైల్ స్క్రేప్ ఎర్రర్ 1 అవుతుంది. ఇంతకన్నా ప్రమాదం మరొకటి: స్క్రిప్ట్ ఆగిపోయినా పాత ఫైల్ అలాగే ఉండి, ఏజెంట్ పాత అంకెనే రోజుల తరబడి కొత్తదానిలా ఇస్తూ ఉంటుంది. ఫైల్ మారిన సమయం నోడ్ టెక్స్ట్‌ఫైల్ ఎమ్‌టైమ్ సెకండ్స్‌లో వస్తుంది. దాని వయసు మీద అలర్ట్ లేకుండా టెక్స్ట్‌ఫైల్ కలెక్టర్‌ను వాడకండి.

ఇక 'అప్' 0 అయి 5 నిమిషాలు అలాగే ఉంటే కబురు రావాలి. ఇది రాసి వదిలేయకుండా పరీక్షించండి. ముందు సర్వీస్‌ను ఆపండి. తర్వాత సర్వీస్ నడుస్తుండగానే ఫైర్‌వాల్‌లో పోర్ట్ మూయండి. చివరగా మెషీన్ రీబూట్ చేసి, సర్వీస్ దానంతట అది లేచిందో లేదో చూడండి. స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయడం మరచిన సర్వీస్ ఇక్కడే దొరుకుతుంది. టార్గెట్‌ను (సర్వర్ అంకెలు లాక్కునే మెషీన్ అడ్రస్) కాన్ఫిగ్‌లోంచి పొరపాటున తీసేస్తే 'అప్' 0 కాదు, అసలు ఉండదు. కాబట్టి 0 అన్న షరతు ఎప్పటికీ మోగదు. దానికి ఆబ్సెంట్ ఫంక్షన్‌తో వేరే అలర్ట్ కావాలి. టార్గెట్‌ను తీసి, అదీ మోగిందో లేదో చూసి, మళ్లీ పెట్టండి.

ఇవన్నీ సరిపోయాక నమూనా మెషీన్‌ను ఒక వారం అలాగే వదలండి. ఆ వారంలో లాగ్ రొటేషన్, బ్యాకప్, ప్యాచింగ్ అన్నీ ఒక్కసారైనా జరగాలి. చివర్లో మూడు అంకెలు చూడండి: ఏజెంట్ ప్రాసెస్ వాడిన సీపీయూ, దాని రెసిడెంట్ మెమరీ, మొదటి రోజు రాసి పెట్టుకున్న సీరీస్ సంఖ్య. మూడూ నిలకడగా ఉంటే ఆ యూనిట్ ఫైల్, ఆ వెర్షన్, ఆ మినహాయింపులు యథాతథంగా తీసుకుని రెండో మెషీన్‌కు వెళ్లండి. మెమరీ మెల్లగా ఎక్కుతూ ఉన్నా, సీరీస్ పెరుగుతూ ఉన్నా ఇంకో వారం అక్కడే ఆగండి.